దొంగగారి కోటు

ఆ ఊళ్ళో “దొంగగారూ!” అని పిలిస్తే వెనక్కి తిరిగి “ఆఁ, చెప్పండి” అనే మనిషి ఒక్కడే ఉన్నాడు. పిలిచినవాళ్ళకు అందులో తప్పు కనిపించదు, పలికినాయనకూ కనిపించదు. పక్కన కొత్తవాళ్ళెవరైనా ఉంటే మాత్రం గబుక్కున జేబులు తడుముకుంటారు.

నిజానికి ఆయన ఒకరి అగ్గిపుల్ల ముట్టి ఎరగడు. దొంగలా నటించడం ఆయన ఉద్యోగం, అదీ కుక్కల ముందు. ఊరి చివర గోడౌన్ల వెనక, కంచె వేసిన మైదానంలో కాపలా కుక్కలకు శిక్షణ ఇస్తారు. కూర్చో, ఆగు, రా అని నేర్పడానికి ట్రైనర్ మేడమ్ ఉంది. కానీ ఇంటివాళ్ళను కాపాడటం నేర్పాలంటే, వాళ్ళ మీదికి వచ్చేవాడొకడు కావాలి కదా. ఆ ఒక్కడూ ఈయనే. దళసరి మెత్త పెట్టి కుట్టిన బరువైన కోటు తొడుక్కుని, ఎడమచేతికి గోనెనార తొడుగు బిగించుకుని, కర్ర ఊపుతూ ఓరగా నడిచి వస్తాడు. కుక్క ఎగిరి ఆ చెయ్యి పట్టుకుంటుంది. కాసేపు పెనుగులాడి కిందపడతాడు. మేడమ్ “వదులు” అనగానే లేచి పారిపోతాడు. కుక్క ఎప్పుడూ గెలవాలి, దొంగ ఎప్పుడూ ఓడిపోవాలి. లేకపోతే కుక్కకు ధైర్యం చిక్కదు. అలా ఇరవై ఏడేళ్ళుగా రోజుకు పదిసార్లు ఓడిపోతూ బతుకుతున్నాడాయన.

ఆ పనిలో గట్టి నియమం ఒకటుంది. దొంగ కుక్కను ముద్దు చేయకూడదు. తల నిమరకూడదు, బిస్కెట్టు పెట్టకూడదు, కళ్ళలోకి ప్రేమగా చూడకూడదు. కుక్కలంటే పడిచచ్చే మనిషి ఇరవై ఏడేళ్ళలో ఒక్క కుక్కనూ నిమరలేదు. మిఠాయి కొట్టులో పనిచేసే చక్కెర జబ్బు మనిషి పరిస్థితి అన్నమాట.

దానికి తోడు, ఊళ్ళో ఏ వీధిలో చూసినా ఆయన మీద పగబట్టిన కుక్క ఒకటుంటుంది. పోస్టాఫీసు వీధిలో మూడు, ఆస్పత్రి వెనక రెండు, బ్యాంకు సందులో ఒక ముసలిది. ఆయన నడిచి వెళ్తుంటే అవి గేట్లు విరగ్గొట్టేంత పని చేస్తాయి. అందుకని మైదానం నుంచి తన గదికి పది నిమిషాల దారి ఉన్నా, రైలుపట్టాల పక్కనుంచి చుట్టుతిరిగి నలభై నిమిషాలు నడుస్తాడు. ఆ దారిలో మాట్లాడేందుకు మనుషులుండరు. గదిలో కూడా ఎవరూ ఉండరు. ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక అద్దం, మేకుకు వేలాడే కోటు, అంతే.

ఒక కూతురుంది. ఆ పిల్లకు ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. ఎప్పుడూ చేతికి కట్టుతో తిరిగే తండ్రి జడలు ఎలా వేస్తాడని పిన్ని తీసుకెళ్ళి పెంచింది. పిల్లకు ఎనిమిదేళ్ళప్పుడు, చూసి వద్దామని ఒకసారి స్కూలుకు వెళ్ళాడు. గేటు దగ్గర పిల్లలు ఆయన్ను చూసి “ఏయ్, మీ నాన్న దొంగటగా!” అని అరిచారు. పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి, “నాన్నా, నువ్విక్కడికి రాకు” అని చెప్పి మళ్ళీ లోపలికి పరిగెత్తింది. పిల్లల మాట పిల్లల మాటే. సాయంత్రానికి ఆ పిల్ల మర్చిపోయే ఉంటుంది. మర్చిపోనిది ఈయన. పిలవని చోటికి వెళ్ళకూడదని ఆ రోజు పెట్టుకున్న పట్టుదల, కూతురికి పెళ్ళయి ఓ పాప పుట్టాక కూడా వదల్లేదు. మొండితనంలో ఆయన కుక్కలకేం తీసిపోడు.

ఇప్పుడా కూతురు అదే ఊళ్ళో, ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. అల్లుడిది వంతెనలు కట్టే కంపెనీలో పని, మూడు నెలలకోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో అత్తగారు, నాలుగేళ్ళ పాప. దొంగగారు పండగలకు పిలిస్తే ఏడాదికి రెండుసార్లు వెళ్ళి, కుర్చీ అంచున కూర్చుని, టీ తాగి, లేచి వస్తాడు. రోజూ సాయంత్రం ఏడింటికి మాత్రం ఫోను చేస్తాడు.

“గడియ పెట్టావా?”

“పెట్టాను నాన్నా.”

“సరే.”

తండ్రీకూతుళ్ళ మాటలు అక్కడితో అయిపోతాయి.

ఒక మధ్యాహ్నం కూతురు డ్యూటీలో ఉండగా, ఎవడో వంటింటి కిటికీ ఊచలను గడ్డపారతో వంచబోయాడు. లోపల అత్తగారు, పాప ఉన్నారు. అత్తగారు గిన్నెలన్నీ కింద పడేసి గోల చేస్తే పక్కింటివాళ్ళు వచ్చారు, వాడు పారిపోయాడు. ఏమీ పోలేదు. కానీ ఆ రోజు నుంచి పాప పెరట్లోకి వెళ్ళడం మానేసింది, కూతురు ల్యాబులో ఉన్నా మనసు ఇంటి దగ్గరే ఉంటోంది. మూడో రోజు తనే ఫోను చేసింది.

“నాన్నా, మాకో కుక్క కావాలి. ఊరికే మొరిగేది కాదు, కాపాడేది. నువ్వొచ్చి ఏ జాతి మంచిదో చెప్పు.”

దొంగగారు మంచం మీద కూర్చుండిపోయాడు. పెళ్ళయ్యాక కూతురు ఆయన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఆదివారం వెళ్ళాడు. ఈసారి కుర్చీ అంచున కాకుండా నిండుగా కూర్చుని, ఎడమచేతి చొక్కా మడిచాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఒకదాని మీద ఒకటి పాత మచ్చలు. తొడుగు జారినప్పుడల్లా ఒక్కో కుక్క వేసిన సంతకం.

“అన్నయ్యగారూ, అది చెయ్యా, రోడ్డు మ్యాపా?” అంది అత్తగారు.

“ఎవరైనా పుస్తకాల్లో చూసి చెప్తారమ్మా. నేను దీన్ని చూసి చెప్తా” అన్నాడాయన కూతురితో. “మనకి మందను కాసే జాతి కావాలి. వేట కుక్క ఒకదాని వెంటపడితే ఇల్లు గుర్తుండదు. మందను కాసేది మందనే చూస్తుంది. ఎవరు లోపలున్నారు, ఎవరు బయటున్నారు, దానికి ఎప్పుడూ అదే గొడవ.”

ఒక మచ్చ మీద వేలుపెట్టాడు. “ఇది మాలినోయిస్. నిప్పురవ్వ. ముందు కరుస్తుంది, తర్వాత ఆలోచిస్తుంది. పొద్దస్తమానం పని చెప్పాలి, లేకపోతే సోఫా చింపి పోగులు పెడుతుంది. ఇంట్లో పసిపిల్ల, పెద్దావిడ ఉన్నారు. వద్దు. ఇదిగో, ఇక్కడేమీ లేదు చూడు, ఇది బార్డర్ కోలీ.”

“ఏమీ లేకపోవడమేంటి?” అంది కూతురు.

“అది కరవదు. కళ్ళతోనే గొర్రెల్ని అదిలిస్తుంది. తెలివిలో దానికి సాటి లేదు. కానీ గడ్డపార పట్టుకొచ్చినవాడు గొర్రె కాదుగా.”

అత్తగారు నవ్వింది. ఆయన మచ్చల్లోకెల్లా పెద్దదాన్ని, అర్ధచంద్రంలా ఉన్నదాన్ని చూపించాడు. “ఇది జర్మన్ షెపర్డ్. నోరంతా తెరిచి ఒక్కసారే పట్టుకుంటుంది. పట్టాక అక్కడే ఉంటుంది, నమలదు. వదలమంటే వదులుతుంది. పిల్లల దగ్గర నిదానం. అయితే ప్రదర్శనలకి పెంచే వాలు వీపు రకం వద్దు, దానికి నడుమే నిలవదు. పనికోసం పెంచేవాళ్ళ దగ్గర ఆడ కుక్కపిల్లను చూద్దాం.”

ఆ చేతిని కూతురు ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. ఏదో అడగబోయి ఊరుకుంది.

కుక్కల్ని పెంచే ఆవిడ ఇంట్లో ఏడు పిల్లలున్నాయి. దొంగగారు తలుపు దగ్గరే నిలబడి ఒక రేకు మూత నేల మీద పడేశాడు. అన్నీ హడలిపోయి తల్లి కిందికి దూరాయి. వాటిలో ఒక నల్లమూతి పిల్ల మాత్రం తిరిగొచ్చి, మూతను వాసన చూసి, దాని మీద కాలు పెట్టింది. తర్వాత ఆవిడను తన చేతి తొడుగు ఒకటి పాత గుడ్డల గుట్టలో దాచమన్నాడు. నల్లమూతిది తిన్నగా వెళ్ళి లాక్కొచ్చింది. మళ్ళీ ఇంకోచోట దాచినా అంతే.

“దీని ముక్కు గట్టిది. ఒకసారి పట్టిన వాసన చచ్చినా మర్చిపోదు. ఇదే తీసుకో” అన్నాడు.

ఈలోగా ఇంకో పిల్ల, పొట్ట గుండ్రంగా ఉన్నది, నిద్రమొహంతో వచ్చి ఆయన చెప్పు మీద తల పెట్టుకుని పడుకుంది. ఆయన కదలకుండా నిలబడ్డాడు. కూతురు అటు చూసి, “ఇది బాగుంది నాన్నా” అంది.

“బాగుంది. కాపలాకి పనికిరాదు” అని మెల్లిగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

నల్లమూతి పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తూ కూతురు మామూలుగా అంది: “దీనికి దొంగ నువ్వేగా నాన్నా? నీకంటే బాగా ఎవరు చేస్తారు?”

ఆయనకు వెంటనే తట్టింది. తానే దొంగయితే, ఆ కుక్క బతికున్నన్నాళ్ళూ తాను కూతురింటి గేటు దాటలేడు. కూతురికి ఆ సంగతి తడుతుందేమోనని ఎదురుచూశాడు. ఆమె కుక్కపిల్ల చెవులు సవరిస్తోంది. ఆమె తప్పేమీ లేదు. ఏడాదికి రెండుసార్లు వచ్చి టీ తాగి పోయే మనిషి రాకుండా పోతాడేమోనన్న ఆలోచన ఎవరికి మాత్రం వస్తుంది?

“దీనికి నేను చెయ్యను” అన్నాడు. “ఓపిక తగ్గింది. వేరేవాళ్ళని పెడతా.”

అది అబద్ధం. ఓపిక కాదు తగ్గింది. అరవయ్యో ఏట ఆయనకొక ఆశ పుట్టింది. ఊళ్ళో ఒక్క ఇంటికైనా మామూలు మనిషిలా గేటు తీసుకుని వెళ్ళాలి. ఒక్క కుక్కయినా తనను చూసి తోక ఊపాలి. అది తన కూతురి ఇల్లే కావాలి.

మేడమ్‌కు ఉన్న సంగతి చెప్పాడు. ఆమె ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. “మైదానంలో మిగతా కుక్కలకి దొంగ మీరే. దీన్ని కంచె పక్కన కట్టేస్తే అంతా చూస్తూ ఉంటుంది. సగం చుట్టం, సగం దొంగ అయితే దానికి పిచ్చెక్కుతుంది దొంగగారూ. పని నేర్చుకునేదాకా మీరు దాని కంటపడొద్దు, ఇంటి దగ్గర కూడా.”

సరేనన్నాడు. వారంలో నల్లమూతిది వచ్చే రెండు రోజులూ తాను మైదానానికి వెళ్ళడు. ఆ రోజుల్లో వేరే దొంగ కావాలి. ఒకడు చాలడని ఆయనే పట్టుబట్టాడు. బట్టల కొట్టాయన కుక్క సంగతి ఊరంతా తెలిసిందే. ఈయన్ను చూస్తే గొలుసు తెంపుకునేది కాస్తా, నిజం దొంగ వస్తే వాడి బూట్లు నాకింది. దానికి తెలిసిన దొంగ ఈయనొక్కడే మరి. ఆ పొరపాటు కూతురింట్లో జరగకూడదని ముగ్గుర్ని వెతికాడు. పంక్చర్లు వేసే లావుపాటి మనిషి, సన్నగా పొడుగ్గా ఉండే ఫోటోగ్రాఫరు, రిటైరైన బస్సు కండక్టరు. ముగ్గురికీ మూడు ఎత్తులు, మూడు నడకలు, మూడు గొంతులు. ఎలా రావాలో, ఎలా పడాలో, ఎలా ఓడిపోవాలో నెల రోజులు నేర్పాడు.

“ఇన్నాళ్ళూ టికెట్టు లేనివాణ్ణి నేను పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు నన్ను కుక్క పట్టుకుంటోంది” అనేవాడు కండక్టరు, దుమ్ము దులుపుకుంటూ.

కోటు మాత్రం ఊరంతటికీ ఒక్కటే ఉంది. ఆ రెండు రోజులూ పొద్దున్నే దొంగగారే దాన్ని మడతపెట్టి, ఎవరి వంతయితే వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేవాడు. సాయంత్రం తెచ్చి మళ్ళీ మేకుకు తగిలించేవాడు. మిగతా రోజుల్లో తనే తొడుక్కునేవాడు.

పద్నాలుగు నెలలు కూతురింటికి వెళ్ళలేదు. ఏడింటి ఫోనులో “గడియ పెట్టావా?” తర్వాత ఇంకో ప్రశ్న చేరింది: “కుక్కెలా ఉంది?” పాప పక్కనే పడుకుంటోందని, అత్తగారు బాత్రూముకు వెళ్తే తలుపు బయట కూర్చుంటోందని, ముగ్గురూ మూడు గదుల్లో ఉంటే దానికి నిలకడ ఉండదని చెప్పేది కూతురు. ఆయన ఫోను పెట్టేశాక కూడా కాసేపు చెవి దగ్గరే ఉంచుకునేవాడు.

ఇంకో చిక్కుంది. కుక్క కనిపిస్తే చాలు, ఆయన ఒళ్ళు తనంతట తనే దొంగదైపోతుంది. భుజాలు వంగుతాయి, కాళ్ళు ఓరగా పడతాయి, చూపు పక్కకు పోతుంది. చుట్టంలా వెళ్ళాలంటే చుట్టంలా నడవడం రావాలి. అందుకని రోజూ సాయంత్రం గదిలో అద్దం ముందు సాధన చేసేవాడు. గోడ దగ్గర నుంచి స్టవ్వు దాకా ఏడడుగులు. తల ఎత్తి, చేతులు వదులుగా వేసుకుని, తిన్నగా. స్టవ్వు దగ్గర ఆగి చిన్నగా నవ్వాలి. “ఏమ్మా, బాగున్నారా?” అనాలి. మళ్ళీ వెనక్కి. ఎవరైనా చూసుంటే మతి పోయిందనుకునేవాళ్ళు. చూడటానికి ఎవరున్నారు గనక?

చివరికి మేడమ్ కబురు పంపింది. పరీక్షలన్నీ అయ్యాయి. ముగ్గురు దొంగల్నీ పట్టింది, వదలమన్నప్పుడు వదిలింది. పోస్టుమ్యాన్ వస్తే ఊరుకుంది, మీటరు చూసేవాడు వస్తే ఊరుకుంది. “ఇంక రండి దొంగగారూ. చుట్టంలా రండి.”

ఆ రోజు రెండుసార్లు స్నానం చేశాడు. కొత్త చొక్కా కొన్నాడు. పాపకు తాడాట తాడు, ఇంట్లోకి యాపిల్ పళ్ళు తీసుకున్నాడు. మొదటిసారిగా రైలుపట్టాల దారి వదిలి, సాయంత్రపు ఎండలో వీధుల్లోంచే నడిచాడు. దారి పొడుగునా కుక్కలు గేట్ల మీద పడి తిడుతూనే ఉన్నాయి. ఇవాళ వాటి తిట్లు ఆయన్ను అంటలేదు.

గేటు లోపల కూతురు, మేడమ్ నిలబడ్డారు. అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుంది. పాప మెట్ల మీద, దాని పక్కన నల్లమూతిది. ఎంత ఎదిగిందో! నిండైన ఛాతీ, నిటారు చెవులు. ఆయన గుండె నిండిపోయింది. తల ఎత్తి, చేతులు వదులుగా వేసుకుని, తిన్నగా నడిచాడు. ఒక్క అడుగు కూడా ఓరగా పడలేదు. గేటుకు నాలుగడుగుల దూరంలో ఆగి చిన్నగా నవ్వి, “ఏమ్మా, బాగున్నారా?” అన్నాడు.

ఆయన వెనక నుంచి గాలి వీచింది.

కుక్క ముక్కు పైకి లేచింది. అది మొరగలేదు. లేచి పాపకు అడ్డంగా నిలబడి, ఒంటితో నెట్టుకుంటూ పాపను తలుపు దాకా చేర్చింది. అత్తగారి వైపు ఒకసారి చూసింది. అప్పుడొచ్చింది గేటు మీదికి, శబ్దం లేకుండా, ఒక్క దూకుడుతో. ఊచల సందులోంచి దాని పళ్ళు ఆయన ఎడమచేతి కోసం వెతికాయి.

“వదులు!” అని అరిచింది మేడమ్. కుక్క దిగింది గానీ కళ్ళు తిప్పలేదు. “ఇదేంటి? శిక్షణ మొదలయ్యాక మిమ్మల్ని ఇది చూడనే లేదే! కొత్తవాణ్ణి చూసినట్టు లేదు, తెలిసినవాణ్ణి చూసినట్టుంది.”

ఆయన తన ఎడమచేతిని చూసుకున్నాడు. అప్పుడర్థమైంది.

“కోటు” అన్నాడు.

“ఏ కోటు?”

“నాదే. ముగ్గురికీ అదే ఇచ్చాను.”

ఇరవై ఏడేళ్ళ చెమట పట్టిన కోటు. మొహాలు మార్చాడు, నడకలు మార్చాడు, గొంతులు మార్చాడు. ముగ్గురి ఒంటి మీదా ఉన్న వాసన మాత్రం తనదే. తన కంపు తనకింపు అని పెద్దలు ఊరికే అనలేదు. ఏరికోరి తెచ్చిన ఆ గట్టి ముక్కు మొదటి రోజు నుంచీ ముగ్గురిలోనూ ఈయన్నే పట్టుకుంది. రెండు స్నానాలకు లొంగే ముక్కు కాదది.

కూతురు గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. “అందుకేనా నాన్నా, దీనికి నేను దొంగగా చెయ్యనన్నావు? ఇంటికి రావాలనా?”

ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

“ఏం ఫర్వాలేదు” అంది మేడమ్ తొందరగా. “రెండు నెలలు రోజూ మీ చేత్తో తిండి పెడితే మార్చేయొచ్చు.”

“మార్చొచ్చు మేడమ్” అన్నాడాయన. “కానీ దానికి ఏం అర్థమవుతుంది? దొంగ తిండి పెడితే చుట్టమైపోతాడని అర్థమవుతుంది. రేపు ఇంకెవడో ఓ ముక్క విసురుతాడు. ఆనాడు గడ్డపార తెచ్చినవాడు ఇంకా దొరకనే లేదు. వద్దు. పాప లోపలుంటుంది.”

మేడమ్ తలూపింది. ఈ పనిలో ఆయనకు తెలిసినంత తనకూ తెలుసు.

“కుక్క తప్పు ఒక్కటీ చెయ్యలేదమ్మా” అన్నాడు కూతురితో. “ముందు పాపను లోపలికి నెట్టింది, చూశావా? ఎవరూ నేర్పలేదది. మంచి కుక్క.” పళ్ళ సంచి, తాడు పక్కింటి అరుగు మీద పెట్టి వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాక గానీ, తాను ఓరగా నడుస్తున్నట్టు గమనించలేదు.

వీధి దాటాడు. ఎదురుగా ఒక టైలరు షాపు, ఆదివారం కాబట్టి షట్టరు దించి ఉంది. దాని మెట్ల మీద కూర్చున్నాడు. గదికి వెళ్ళబుద్ధి కాలేదు. అక్కడున్నది మేకుకు వేలాడే కోటు, నడక నేర్పిన అద్దం. ఇంతకాలం ఒంటరితనం ఆయనకు పాత చెప్పుల్లా అలవాటైపోయింది. ఆశపడ్డాక అదే కరవడం మొదలుపెట్టింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, సిగ్గు లేకుండా ఏడ్చాడు. మేడమ్ స్కూటర్ వెళ్ళిపోయింది. ఎదురింట్లో దీపాలు వెలిగాయి.

ఏడయింది. చెయ్యి అలవాటుగా ఫోను తీసింది.

“గడియ పెట్టావా?”

“పెట్టలేదు నాన్నా. ఇప్పుడు అక్కర్లేదుగా.”

నిజమే. ఆ ప్రశ్నకు కూడా ఇక పని లేదు. ఇరవై ఏడేళ్ళ ఓటముల్లో ఇంత పూర్తిగా ఆయనెప్పుడూ ఓడిపోలేదు. సరే అని ఫోను పెట్టేయాలి. ఎప్పుడూ చేసేది అదే. కానీ ఎదురుగా కిటికీలో కూతురి నీడ కనిపించింది. పక్కనే రెండు నిటారు చెవులు.

“అన్నం తిన్నావా?” అన్నాడు. ఆ మాట ఆయన కూతుర్ని ఎప్పుడూ అడగలేదు.

“లేదు” అంది. “నువ్వెక్కడున్నావు?”

“ఎదురుగానే. టైలరు షాపు మెట్ల మీద.”

కిటికీ తలుపులు బార్లా తెరుచుకున్నాయి. కూతురు కుర్చీ జరుపుకుని కిటికీ పక్కన కూర్చుంది. చేతిలో కంచం ఉంది. ఫోను చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుంది.

“పెట్టెయ్యకు నాన్నా. నేను తింటూ మాట్లాడతా” అంది. “ఆ చేతి మీది పెద్ద మచ్చ సంగతి చెప్పు. ఆ రోజు అడుగుదామనుకున్నాను.”

వీధికి ఇవతల దొంగగారు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అవతల కిటికీలోంచి కుక్క ఆయన్నే చూస్తోంది. “అప్పుడు నీకు మూడేళ్ళు” అని మొదలుపెట్టాడు.